పెట్రోలు ట్యాంకుకు రెండో సంతకం

1985 జూన్‌లో నేను ఎల్.బి.నగర్ చౌరస్తా దాటాక ఉన్న ఒక బాడీ వర్క్‌షాపులో వర్క్స్ మేనేజరుగా చేరాను. లారీలకు, నీళ్ల ట్యాంకర్లకు బాడీలు కట్టే షెడ్డు అది. అంతకు ముందు ఇరవై రెండేళ్లు విమానాల మరమ్మతు చేసే ప్రభుత్వ కర్మాగారంలో ఇంధన ట్యాంకుల విభాగంలో పనిచేశాను. అప్రెంటిస్‌గా చేరి, చార్జ్‌మన్, అసిస్టెంట్ ఫోర్‌మన్ మెట్లెక్కి, చివరికి ఫోర్‌మన్‌గా స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. మాది తెనాలి వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు సగం కట్టి, మిగతా సగం కట్టే ఓపిక లేక అందులోనే కాపురం పెట్టాం.

విమానం రెక్కల్లో, పొట్టలో ఇంధనం ఉంచే రబ్బరు సంచిని మా వృత్తిలో ఫ్యూయల్ సెల్ అంటారు. ఈ మాటకి ఈ రోజుల్లో హైడ్రోజన్‌తో కరెంటు తీసే పరికరం అనే అర్థం వచ్చింది. మాకు మాత్రం అది నైలాను గుడ్డకి రెండు వైపులా రబ్బరు పూసి కుట్టకుండా అతికించిన సంచి. రేకు ట్యాంకుకి దెబ్బ తగిలితే చీలుతుంది. సంచి సొట్టపోతుంది, సాగుతుంది, కానీ కారదు. దాని చుట్టూ ఒక లోహపు పెట్టె ఉంటుంది. సంచి లోపల పెద్ద పెద్ద రంధ్రాలున్న ఫోము కూరుతారు. దానివల్ల ఇంధనం అటూ ఇటూ ఎగిసిపడదు. వాహనం తలకిందులైనా గాలి గొట్టంలోంచి ఇంధనం బయటికి రాకుండా అందులో బంతి ఉన్న వాల్వు పెడతారు. ఇంతే సంగతి. కానీ ఈ ఇంతే సంగతిలో ఎక్కడ పొరపాటు జరిగినా మనిషి కాలిపోతాడు.

నేను చేరిన కొన్ని వారాలకు మన్సూరాబాద్ నుంచి నర్సిరెడ్డి గారు వచ్చారు. నలభై ఏళ్ల మనిషి. వాళ్ల తాతల నాటి జొన్న చేలు ప్లాట్లయ్యాయి, ఆయన రియల్ ఎస్టేట్ వ్యాపారి అయ్యారు. ఆ ఉత్సాహంలో ఎవరో పాత నవాబు గారి గ్యారేజీలో ఇటుకల మీద నిలబెట్టి ఉన్న ఇంగ్లండు రేసుకారుని కొన్నారు. ముప్ఫై ఏళ్ల నాటిది, ఒక్కడే కూర్చునేది. మద్రాసు దగ్గర పాత రన్‌వే మీద జరిగే పందేలలో పాతకార్ల తరగతి ఒకటుండేది. అందులో దాన్ని నడిపించారు కూడా.

నడిపించినందుకే మా దగ్గరికి రావలసి వచ్చింది. ముందటేడు పందెంలో కారు పక్కకి జారి ఇసుక డ్రమ్ములని కొట్టింది. సీటు వెనకే ఉన్న సన్నరేకు ట్యాంకు టంకం దగ్గర విచ్చుకుని పెట్రోలంతా ఆయన వీపు మీద పడింది. నిప్పురవ్వ పుట్టకపోవడం అదృష్టం. పందెం కమిటీ వాళ్లు ఇక మీదట ఫ్యూయల్ సెల్ లేని పాత కారుని రానివ్వబోమని ఉత్తరం రాశారు. ఇంట్లో భార్య సుగుణమ్మగారు అంతకంటే ముందే తీర్పు చెప్పేశారట: ట్యాంకు మారేదాకా కారు గేటు దాటదు.

"సారూ, మీరు ఇమానాల ట్యాంకులు చేసినోళ్లట గద. గీ కారు మీకో లెక్కనా?" అన్నారు నర్సిరెడ్డి గారు. పొగిడితే పొంగిపోయే గుణం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. పని ఒప్పుకున్నాను.

ముందు ఎంపిక. విదేశాల్లో రెడీమేడ్ సెల్ దొరుకుతుంది, కానీ దిగుమతి లైసెన్సు చేతికొచ్చేసరికి మా ఇద్దరికీ షష్టిపూర్తి అయ్యేది. వేలంలో అమ్మే పాత విమానాల సంచి ఒకటి నర్సిరెడ్డి గారే వెతికి తెచ్చారు. దాని మీద ముద్రించిన తయారీ తేదీ చూసి తిప్పి పంపాను. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. మడత దగ్గర వేలితో నొక్కితే సన్నటి బీటలు కనిపించాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో పరుపుల దుకాణం వాడు తన ఫోము బ్రహ్మాండంగా పనికొస్తుందన్నాడు. పరుపు ఫోములో రంధ్రాలు మూసుకుని ఉంటాయి, పైగా పెట్రోల్లో నానితే పొడై ఫిల్టర్లోకి చేరుతుంది. దాని బదులు కంప్రెసర్ల గాలి ఫిల్టర్లలో వాడే ఫోము తెప్పించాను. సంచిని మేమే తయారు చేయాలని నిర్ణయించాను. బొంబాయి నుంచి నైట్రైల్ అనే రబ్బరు పూసిన నైలాను గుడ్డ వచ్చింది. మామూలు ట్యూబు రబ్బరు పెట్రోల్లో ఉబ్బుతుంది, నైట్రైల్ తట్టుకుంటుంది. గుడ్డ అమ్మిన కంపెనీ దానికి సరిపోయే జిగురు కూడా పంపింది.

చెక్కతో అచ్చు చేయించి, దాని మీద గుడ్డ పరిచి, రెండంగుళాల మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా అతికించాం. పని అందంగా వచ్చింది. పరీక్షకి అదే అతుకున్న ఒక ముక్కని కిరసనాయిలు డబ్బాలో వేసి మూడు రోజులు నానబెట్టాను. మా కర్మాగారం పద్ధతి అది. జెట్ విమానంలో పోసే ఇంధనం శుద్ధి చేసిన కిరసనాయిలే కాబట్టి ఇరవై రెండేళ్లుగా ప్రతి అతుకునీ అలాగే పరీక్షించాను. వెల్డింగు జరిగే షెడ్డులో పెట్రోలు డబ్బా తెరిచి పెట్టడం కొరివితో తల గోక్కోవడం అనే ఆలోచన కూడా లేకపోలేదు. కానీ నిజం చెప్పాలంటే, పెట్రోల్లో పరీక్షించాలన్న ఊహే నాకు రాలేదు.

ఆ డబ్బాని మొదట ప్రశ్నించింది యాదగిరి. నల్గొండ పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద టైర్లకు, ట్యూబులకు రబ్బరు ఉడికించి అంట్లు వేసే వల్కనైజింగు దుకాణం పెట్టుకున్న మనిషి. మా షెడ్డులో కట్టిన బండ్లకి టైర్లు ఎక్కించడానికి వస్తూ ఉండేవాడు. డబ్బాలోకి తొంగిచూసి అడిగాడు.

"సారూ, కార్ల పోసేది పెట్రోలు గద? మరి కిరసనాయిల్ల నానబెడితే ఏం తెలుస్తది?"

నైట్రైల్ రెండింటినీ తట్టుకుంటుందని చెప్పాను.

"గుడ్డ తట్టుకుంటది కావొచ్చు. అతికిన అంటు సంగతేంది? ఎండిపోయిన జిగురు సొల్యూషన్ పలుచగ చెయ్యాల్నంటె నేను పెట్రోలే కలుపుత. పాత అంటు ఊడవీకాలన్నా పెట్రోలే రాస్త."

ట్యూబులకి అంట్లు వేసుకునేవాడు నాకు పాఠం చెబుతున్నాడని ఒళ్లు మండింది. టైర్లు ఎక్కించి వెళ్లమన్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం నేను. మూడో రోజు ముక్క తీసి లాగితే అతుకు ఊడలేదు. సంచిని పెట్టెలో అమర్చి, సీటుకీ ట్యాంకుకీ మధ్య మంటని ఆపే రేకు గోడ బిగించి, కారుని అప్పగించాను. పందెం కమిటీకి ఇవ్వడానికి పరీక్ష పత్రం టైపు చేయించాను. అందులో కింద రెండు గడులుంటాయి: తయారుచేసినవారు, తనిఖీ చేసినవారు. మా పాత కర్మాగారంలో తనిఖీ విభాగం పూర్తిగా వేరు. చార్జ్‌మన్ ఎంత సీనియరైనా, ఇన్‌స్పెక్టరు తన నంబరున్న ముద్ర వేసేదాకా ట్యాంకు గుమ్మం దాటేది కాదు. ఇక్కడ తనిఖీ చేయగలిగిన మనిషి ఎల్.బి.నగర్ మొత్తంలో నేను తప్ప ఎవరున్నారని రెండు గడుల్లోనూ నేనే సంతకం పెట్టాను.

తరువాతి బుధవారం నా స్కూటరు సరిగ్గా యాదగిరి దుకాణానికి కొంచెం ఇవతల పంక్చరైంది. నెట్టుకుంటూ వెళ్లాను. పాత గొడవ ఎత్తకుండా నవ్వుతూ స్టూలు వేశాడు. ట్యూబు మీద ఎప్పటిదో పాత అంటు ఒకటి సగం లేచి ఉంది. గుడ్డముక్కని పెట్రోల్లో ముంచి దాని అంచు వెంట రాశాడు. కాసేపాగి గోటితో లాగితే అంటు మొత్తం చేతిలోకి వచ్చేసింది. దాన్ని నా చేతిలో పెట్టి కొత్త అంటు వేశాడు.

మర్నాడు మిగిలిన అతుకు ముక్కని ఒక గాజుసీసాలో వేసి, పెట్రోలు పోసి, మూత బిగించి మేడ మీద పెట్టాను. అది మా ఆవిడ ఉసిరికాయ పచ్చడికని దాచుకున్న సీసా. "పచ్చడి సీసాలో పెట్రోలేమిటండీ, మీకేమైనా మతి పోయిందా?" అని ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నేను చేయాల్సిన పని మరొకటి ఉంది. నర్సిరెడ్డి గారికి కబురు పంపి, ట్యాంకు నింపవద్దు, మూడు రోజులు ఆగండి అని చెప్పాలి. చెప్పలేదు. చెబితే నా పని మీద నాకే అనుమానం వచ్చినట్టు ఒప్పుకోవాలి. ఈ ఒక్క విషయం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆదివారం ఉదయం సీసా తెరిచాను. నానిన బాదంపప్పు తొక్కలా అతుకు రెండు వేళ్ల మధ్య జారిపోయింది. గుడ్డకి ఏమీ కాలేదు. జిగురు మాత్రం జావ అయింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఆదివారమే కారుకి పూజ చేయించి ట్రయల్‌కి తీస్తామని, శుక్రవారమే పెట్రోలు నింపుతామని వాళ్లు చెప్పిన మాట. మన్సూరాబాద్ కాలనీలకి అప్పటికింకా ఫోన్లు రాలేదు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా స్కూటరెక్కాను.

కారు పోచమ్మ గుడి ముందు ఉంది. పసుపు కుంకుమ బొట్లు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టడం అయిపోయింది. నర్సిరెడ్డి గారి తల్లి హారతి పళ్లెంలో కర్పూరం వెలిగించి కారు వెనక వైపు నుంచి తిప్పడానికి వస్తోంది. ట్యాంకు పెట్టె అడుగున నీళ్లు నిలవకుండా నేనే ఒక చిన్న రంధ్రం పెట్టాను. దాని కింద నేల అరచేయంత మేర తడిసి ఉంది. వాసన నాకు పది అడుగుల దూరంలోనే తగిలింది.

అరవడానికి వ్యవధి లేదు. వెళ్లి ఆ పెద్దావిడ చేతిలోంచి పళ్లెం లాక్కుని, వెలుగుతున్న కర్పూరంతోనే గుడి వెనక్కి పరుగెత్తి గోడ పక్కన పెట్టాను. డప్పులు ఆగిపోయాయి. "అమ్మవారి హారతి గుంజుకపోతవా? నీకేమన్న పిచ్చి లేసిందా?" అని ఆ పెద్దావిడ నా మీదకి వచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు నా చొక్కా పట్టుకున్నారు. పెట్రోలు కారుతోందనీ, ఎవరూ బీడీ వెలిగించవద్దనీ, కారుని స్టార్టు చేయకుండా చేత్తో నెట్టండనీ చెప్పాను. నర్సిరెడ్డి గారు వంగి నేలని తాకి, వేళ్లు వాసన చూసుకుని, జనాన్ని వెనక్కి జరగమన్నారు. కారుని ఖాళీ ప్లాట్ల మధ్యకి నెట్టించి, తడిసిన చోట ఇసుక పోయించి, ట్యాంకు ఖాళీ చేయించాను.

తర్వాత అందరి ముందూ చెప్పాను: తప్పు పూర్తిగా నాది, పరీక్ష తప్పుగా చేశాను, ఒకరు హెచ్చరించినా వినలేదు. నేను సంతకం చేసిన కాగితాన్ని నమ్మి ఒక మనిషి నిప్పు మీద కూర్చోబోయాడు.

సుగుణమ్మగారు ఇంటికి వెళ్లి ఆ పరీక్ష పత్రం తెచ్చారు. భర్త చేసే ప్లాట్ల వ్యాపారంలో దస్తావేజులన్నీ చదివి చూసేది ఆవిడే.

"అన్నా, మా ఇంట్ల రోజూ రిజిస్ట్రేషన్లే" అన్నారు. "అమ్మినోడే సాక్షి సంతకం వెడితే సబ్-రిజిస్ట్రారు కాయితం మొఖాన కొడ్తడు. నువ్వే చేసినవ్, నువ్వే చూసినవ్, నువ్వే మంచిగున్నదని రాసినవ్. గిదేం కాయితం?"

ఇరవై రెండేళ్లు ఇన్‌స్పెక్టరు ముద్ర కోసం గుమ్మంలో నిలబడ్డ మనిషిని. నాకు తెలియని నియమం కాదు. ఆ కాగితం తీసుకుని దాని మీద అడ్డంగా రద్దు అని రాశాను.

"తప్పయితే తప్పని చెప్పనీకె వచ్చినవ్. గది చాలు" అన్నారావిడ. "మల్ల చెయ్యి. కని ఈసారి రెండో సంతకం ఇంకొకలు వెట్టాలె."

ఎవరు పెట్టాలో నాకు తెలుసు. ఆ సాయంత్రమే యాదగిరి దుకాణానికి వెళ్లి, నువ్వు చెప్పిందే నిజమైందయ్యా, వచ్చి సాయం పట్టు, చివర్లో తనిఖీ కూడా నువ్వే చేయాలి అన్నాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. "నేను ఏడు దాక సదివిన సారూ, నా సంతకం నడుస్తదా?" అని మాత్రం అడిగాడు. నడిపిద్దాం అన్నాను.

రెండోసారి జిగురు జోలికి పోలేదు. అదే నైట్రైల్ రబ్బరుని పచ్చిగా, అంటే ఇంకా వేడి తగలకముందు రూపంలో, పట్టీలుగా తెప్పించాం. రెండు అంచుల మధ్య ఆ పట్టీ పెట్టి, యాదగిరి దగ్గరున్న మర తిప్పి బిగించే వేడి పలకతో జానెడు జానెడు చొప్పున ఉడికించాం. ఉడికితే మూడూ ఒకటే రబ్బరవుతాయి, ఇక పెట్రోలు కరిగించడానికి అక్కడ జిగురే ఉండదు. నేను థర్మామీటరు పెట్టాను. అతను పలక మీద నీటిబొట్టు చిలకరించి, అది ఎగిరే తీరు చూసి సిద్ధమనేవాడు. రెండూ ప్రతిసారీ కలిసేవి. మూడు రోజుల తర్వాత థర్మామీటరు పెట్టె మూసేశాను.

అంచులు పూర్తయ్యాక తనిఖీ. యాదగిరి సంచిని తిరగేసి ప్రతి అతుకునీ బొటనవేలి మీదుగా వంచి చూశాడు. ఒక మూల దగ్గర ఆగాడు.

"గీ మూల వద్దు సారూ. లోపట గాలి వట్టింది."

నాకేమీ కనిపించలేదు. వాదించబోయి ఆగాను. మూల కోసి చూస్తే మినపగింజంత బుడగ ఉంది. ఆ మూల మళ్లీ వేశాం. ఈసారి సంచిలో పెట్రోలే నింపి, షెడ్డుకి దూరంగా హద్దురాళ్లు పాతిన ఖాళీ స్థలంలో, చుట్టూ ఇసుక బకెట్లు పెట్టి వారం రోజులు ఉంచాం. కింద పరిచిన తెల్లకాగితం మీద ఒక్క మరక పడలేదు. తరువాత ఖాళీ చేసి, పెట్టెలో అమర్చి, నీళ్లు నింపి, చైన్ పుల్లీతో రెండు నిలువుల ఎత్తుకి లేపి కాంక్రీటు మీదకి వదిలాం. చుట్టుపక్కల ఇళ్లు కట్టే మేస్త్రీలంతా పని మానుకుని చూశారు. పెట్టె వంకరపోయింది, సంచిలోంచి చుక్క రాలేదు. ఆ వంకరపోయిన పెట్టె తీసేసి కొత్తది చేయించి కారుకి బిగించాం. పత్రంలో మొదటి గడిలో నా సంతకం. రెండో గడిలో గుండ్రటి తెలుగు అక్షరాలతో యాదగిరి సంతకం.

చలికాలం పందేలకి కారుని లారీ మీద మద్రాసు తీసుకెళ్లాం. యాదగిరినీ తీసుకెళ్లాను. పందేనికి ముందు కార్లని పరీక్షించే అధికారి తలనెరిసిన తమిళ ఇంజనీరు. బంతి వాల్వు, రేకు గోడ, గొట్టాల బిగింపులు అన్నీ తడిమి చూశాడు. పత్రం చూసి, ఈ ఇన్‌స్పెక్టరు ఎవరు, అతని అర్హత ఏమిటి అని ఇంగ్లీషులో అడిగాడు. నేను మొదట చేసిన ట్యాంకు తప్పని చెప్పింది ఇతనే, రెండో దానిలో లోపం పట్టుకుంది కూడా ఇతనే అని చెప్పి, రద్దు చేసిన పాత పత్రాన్నీ, ఊడిన అతుకు ముక్కనీ బల్ల మీద పెట్టాను. ఆయన ఆ ముక్కని కాసేపు తిప్పి చూశాడు. తర్వాత యాదగిరి వైపు తిరిగి చేయి కలిపి, కారుకి అనుమతి స్టిక్కరు అంటించాడు.

నాలుగో చుట్టులో వెనక నుంచి వచ్చిన కారు మలుపు దగ్గర అదుపు తప్పి మా కారు తోకని గట్టిగా గుద్దింది. కారు గిర్రున తిరిగి గడ్డిమోపుల్లోకి పోయింది. మేం పరుగెత్తుకెళ్లేసరికి నర్సిరెడ్డి గారు హెల్మెట్ తీస్తూ తానే దిగి నిలబడ్డారు. వెనక పెట్టె జానెడు లోతు నొక్కుకుపోయింది. ఇసుక బకెట్లతో వచ్చినవాళ్లు పోయడానికి చోటు వెతుకుతున్నారు. యాదగిరి కారు కిందకి దూరి, అడుగు రంధ్రంలో వేలు పెట్టి తీసి చూపించాడు. "పొడిగనె ఉన్నది సారూ." నర్సిరెడ్డి గారు మా ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి అక్కడే కూర్చుండిపోయారు. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఏ ప్రమోషనులోనూ కలగలేదు.

ఆ తర్వాత పనిచేసినన్నాళ్లూ మరికొన్ని కార్లకి సెల్స్ అమర్చాం. ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది రెండు విషయాలు. ట్యాంకులో ఏది పోస్తారో దానితోనే పరీక్షించండి. చేసినవాడు ఎంత పనిమంతుడైనా తనిఖీ గడిలో సంతకం పెట్టనివ్వకండి. కొత్త పనైతే నేనూ పది మందిని అడిగేవాణ్ని. ఇరవై రెండేళ్లు చేసిన పని కాబట్టి ఎవరినీ అడగలేదు, అడక్కుండా చెప్పినవాణ్ని కసిరి పంపాను. నర్సిరెడ్డి గారు ప్రాణాలతో ఉన్నది ట్యూబులకి అంట్లు వేసే ఒక మనిషి, ఒక దస్తావేజులు చదివే ఇల్లాలు నోరు విప్పినందువల్ల. వాళ్ల మాటని నేను అంత ఆలస్యంగా విన్నా సమయం మించిపోలేదు. అందులో నా గొప్పతనం ఏమీ లేదు.